తోమెరీలో పెన్సిల్ ఎద్దు

పారిస్ వచ్చిన నాన్నను ఈఫిల్ టవర్ కంటే ముందు తోమెరీ తీసుకెళ్లాను. గార్ ద లియోన్‌లో రైలెక్కితే గంటలోపు దిగొచ్చు. స్టేషన్ చుట్టూ ఫాంటెన్‌బ్లో అడవే. ఊళ్లో పొడవాటి పాత గోడలున్నాయి. ఒకప్పుడు వాటి మీదికి పాకించి షాస్లా ద్రాక్ష పండించేవాళ్లు. నాన్న ఆ గోడల్ని తడుముకుంటూ నడిచాడు.

మేం వెళ్లింది ఫ్రెంచ్ చిత్రకారిణి రోజా బొనర్ ఇంటికి. పంతొమ్మిదో శతాబ్దంలో పశువుల్ని ఆమెలా గీసినవాళ్లు లేరని నా నమ్మకం. ఎముకా కండా ఎలా అమరి ఉంటాయో తెలుసుకోవడానికి కబేళాలకు వెళ్లింది. గౌనుతో పశువుల సంతల్లో తిరగడం కష్టమై, ప్యాంటు వేసుకోవడానికి పోలీసుల అనుమతి తెచ్చుకుంది. 1857 నాటి పత్రం గడువు ఆరు నెలలే. ఎద్దును దగ్గర్నుంచి చూడటానికి ఆడమనిషికి ఇంత తతంగం! 1860 నుంచి 1899లో చనిపోయేదాకా ఈ ఇంట్లోనే ఉంది.

ఆమె పనిగదిలో నన్ను ఆపేసింది ఒక చిన్న పెన్సిల్ బొమ్మ. ఒక ఎద్దు, దాని వెనక రెండు గొర్రెలు. ఎద్దు ముందుకాలు మూడుసార్లు గీసి ఉంది. అది కదిలిన ప్రతిసారీ ఆమె మళ్లీ గీసింది, పాత గీతను చెరపలేదు. గంగడోలు మడతలు పలచగా ఉన్నాయి. తల వెనక, మెడ మొదట్లో మాత్రం పెన్సిల్ గట్టిగా నొక్కింది. అక్కడే ఎందుకో నాకు అర్థం కాలేదు.

నాన్న చాలాసేపు చూశాడు. ఒంగోలు గిత్తలతో దుక్కి దున్నినవాడు.

"అమ్మాయ్, దీనికి మూపురం లేదే. కాడి యాడ ఆనుద్ది మరి?"

నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఓర్సే మ్యూజియంలో, 1849లో ఆమె వేసిన నివెర్నె అనే ప్రాంతపు దుక్కి చిత్రం ముందు నిలబడ్డాం. రెండున్నర మీటర్లకు పైగా వెడల్పు. పన్నెండు ఎద్దులు, ఆరేసి చొప్పున రెండు జట్లు. తిరగబడిన మట్టిగడ్డల తడి దగ్గరే నా చూపు నిలిచిపోయింది. నాన్న మాత్రం నేరుగా కొమ్ముల దగ్గరికి వెళ్లాడు.

"ఇదిగో, కాడిని కొమ్ములకు కట్టారు. బరువంతా తలతోనే లాగుతున్నాయి."

పెన్సిల్ అక్కడ ఎందుకు నొక్కిందో అప్పుడు తెలిసింది. ఈడ్పంతా పడేది ఆ కండ మీదే.

"మనోటికి మెడ మీద కాయ కాస్తది," అన్నాడు నాన్న, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "వీటికి కొమ్ముల మొదట్లో కాస్తదేమో."