కాడ మీద నూగు

ఇంగ్లండ్ తూర్పు వైపు, నార్ఫోక్, సఫోక్ కౌంటీల సరిహద్దులో బ్రెక్‌లాండ్ అనే ఇసుక నేల ఉంది. మొక్కల సర్వే ఉద్యోగంలో చేరిన తొలి వేసవి నన్ను అక్కడికే పంపారు. పని వినడానికి తేలిక. రెండు మీటర్ల చదరం కొలిచి, అందులో ఉన్న ప్రతి మొక్క పేరూ, అది ఎంత మేర పరుచుకుందో షీటులో రాయాలి.

మూడు రోజుల్లో 31 చదరాలు చేశాను. అన్నిటిలోనూ 'జెరేనియం మోల్లె' అని రాశాను, గులాబీ-ఊదా పూలు పూసే ఒక చిన్న మొక్క లాటిన్ పేరది. నాలుగో రోజు మా టీమ్ లీడర్ వచ్చి, ఒక మొక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చిన్న కొమ్మ తుంచి చూసింది. "ఇది మోల్లె కాదు, పుసిల్లమ్" అంది. అదీ జెరేనియమే, కానీ వేరే రకం. నా గుండె ఆగినంత పనైంది. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు, వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు. జేబులోంచి పది రెట్లు పెద్దగా చూపే లెన్స్ తీసి నా చేతిలో పెట్టింది.

నేను ఆకునీ, పువ్వునీ చూసి పేరు రాశాను. ఈ రెండిటికీ గుండ్రటి ఆకులే, అంచున చీలికలే, గులాబీ-ఊదా పూలే, చివర నొక్కున్న రేకులే. పుసిల్లమ్ రేకు 2-4 మిల్లీమీటర్లు, మోల్లెది 3-7. ఎండిన ఇసుకలో మోల్లె పువ్వు కూడా చిన్నదవుతుంది, అప్పుడు కొలత దేనికీ పనికిరాదు.

కాడని వెలుతురుకి అడ్డంగా పట్టుకోవాలి. మోల్లె కాడ మీద పొట్టి నూగు మధ్యలోంచి పొడవాటి తెల్లటి మెత్తని వెంట్రుకలు నిలబడి కనిపిస్తాయి. పుసిల్లమ్‌కి అవి ఉండవు. అంతా ఒకే ఎత్తులో, కత్తిరించిన మఖమల్‌లా పొట్టి నూగే. లెన్స్‌లో ఆ తేడా మొదటిసారి చూసినప్పుడు ఇంతకాలం దీన్ని ఎలా వదిలేశానా అనిపించింది. నాతో పనిచేసేవాళ్లు మోల్లెని చిన్నప్పటి నుంచీ 'డవ్స్ ఫుట్', అంటే పావురం పాదం అని పిలుస్తారు. నాకు ఆ పేర్లు రావు, చదువులో వచ్చిన లాటిన్ పేర్లే వచ్చు. మోల్లె అంటే మెత్తనిది, పుసిల్లమ్ అంటే బాగా చిన్నది. మెత్తదనం ఎక్కడుందో పేరే చెబుతోంది, నేనే వినలేదు.

ఇంకా అనుమానం ఉంటే పువ్వు విప్పి చూడాలి. మోల్లెకి పది కేసరాలకీ పుప్పొడి తిత్తులుంటాయి. పుసిల్లమ్‌లో ఐదింటికే ఉంటాయి, మిగతా ఐదూ ఉత్త కాడలు. గాలికి రేకులు రాలిపోతే కాయ ఉంది. కొంగ ముక్కులాంటి ఆ కాయని బట్టే ఈ జాతికి జెరేనియం అనే పేరు గ్రీకు నుంచి వచ్చింది. నాకు అన్నిటికన్నా నమ్మకమైనది కాయ అడుగున ఉండే ఐదు గుండ్రటి తిత్తులు. మోల్లెవి నూగు లేకుండా, అడ్డంగా ముడతలు పడి ఉంటాయి. పుసిల్లమ్‌వి ముడతలు లేకుండా, నూగుతో ఉంటాయి.

తర్వాత జెరేనియంలలోనే ఒకేలా కనిపించే మిగతా జంటలూ అలవాటయ్యాయి. డిసెక్టమ్‌కి పూకాడ పొట్టి, కొలంబైనమ్‌కి బాగా పొడవు. రాబర్టియానమ్ పుప్పొడి నారింజ రంగు, పర్పురియమ్‌ది పసుపు. పూలు రాలాక ప్రాటెన్స్ పూకాడలు కిందికి వంగుతాయి, సిల్వాటికమ్‌వి నిటారుగానే ఉంటాయి.

ఆ 31 చదరాలూ మళ్లీ చూశాను. మోకాళ్ల మీద, లెన్స్ కంటికి ఆనించి, ప్రతి కాడనీ తిప్పి తిప్పి. 23 చదరాల్లో పుసిల్లమ్ ఒక్కటే, ఐదింట్లో మోల్లె, మూడింట్లో రెండూ పక్కపక్కనే, ఆకులు ఒకదాని మీద ఒకటి వాలి. షీట్లలో పాత పేర్ల మీద ఒక్క గీత గీసి, పక్కన కొత్తవి రాసి, తేదీ వేసి ఆమెకి ఇచ్చాను.