ట్యూబులో వెనిలిన్ ఎటు పోయింది: నా అనుభవం

నిన్న సాయంత్రం రివ్యూ కమిటీ నా పనిని ఒప్పుకుంది. ఐదు నెలల కిందట అదే గదిలో, అదే కమిటీ ముందు మాట పెగలక నిలబడ్డాను. ఆ బాధా ఈ ఊరటా రెండూ పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

నా పని ఫెరులిక్ యాసిడ్‌ని బ్యాక్టీరియాకి మేతగా వేసి వెనిలిన్ చేయించడం. ఫెరులిక్ యాసిడ్ ధాన్యం తవుడులో ఉంటుంది. వెనిలిన్ అంటే వెనిల్లా వాసనకి అసలు కారణమైన పదార్థం. బయట దొరికే వెనిలిన్‌లో ఎక్కువ భాగం పెట్రోలియం నుంచి వచ్చే గ్వయకాల్‌తో తయారైందే. నేను వాడిన అమైకొలటోప్సిస్ అనే బ్యాక్టీరియా ఆ పనిని రెండు ఎంజైములతో చేసేస్తుంది. మొదటి ఎంజైము ఫెరులిక్ యాసిడ్‌కి కోఎంజైమ్-ఎ అనే సహాయక అణువుని తగిలిస్తుంది. రెండోది ఆ అణువు తోకలోని రెండు కార్బన్లను తెంపేస్తుంది. మిగిలేది వెనిలిన్.

అయితే వెనిలిన్ పేరుకునే కొద్దీ ఆ కణాలకే విషమవుతుంది. అందుకే ఇంకో ఎంజైముతో దాన్ని వెనిలిక్ యాసిడ్‌గా మార్చేసుకుంటాయి. ఆ వెనిలిక్ యాసిడ్‌కి వాసన ఉండదు. ఇదంతా నాకు మొదటి రోజు నుంచే తెలుసు. తెలిసి కూడా దెబ్బ తిన్నాను.

కల్చర్ పెంచడం వారంలో అయిపోయింది. ఫెరులిక్ యాసిడ్ నీళ్లలో సరిగా కరగదు, కాస్త సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే కరుగుతుంది. ఈ బ్యాక్టీరియా ఉండలు కట్టి పెరుగుతుంది కాబట్టి పిపెట్ టిప్ కొస కత్తిరించుకోవాలి, లేకపోతే అడ్డుపడుతుంది. ఆ దశకి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మొదటి రన్‌లో పదో గంటకి ఫ్లాస్క్ మూత తీస్తే వెనిల్లా వాసన గుప్పున కొట్టింది. ఆ రోజు హెచ్‌పీఎల్‌సీ ఖాళీగా ఉంది. ద్రవంలోని పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని గ్రాఫ్‌లో ఒక పీక్‌గా చూపించే యంత్రం అది. వెంటనే ఇంజెక్ట్ చేస్తే 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో వెనిలిన్ పీక్ నిటారుగా లేచింది. ల్యాబ్ అంతా చూపించాను. తర్వాత అదే పని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఫ్లాస్క్‌లో వాసన ఉంది, గ్రాఫ్‌లో మాత్రం వెనిలిన్ లేదు.

ఆ గ్రాఫులతోనే రివ్యూకి వెళ్లాల్సి వచ్చింది. కమిటీలో ఒక సార్ అడిగారు: "ఫెరులిక్ యాసిడ్ తగ్గింది, వెనిలిన్ లేదు. మరి కార్బన్ ఎటు పోయినట్టు?" నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంకో మాట కూడా అన్నారు: "మొదటి రన్‌లో స్టాండర్డ్ ఏమన్నా కలిసిందేమో చూసుకున్నావా అమ్మా?" స్టాండర్డ్ అంటే పోల్చి చూడటానికి ఉంచుకునే శుద్ధమైన వెనిలిన్. మెత్తగానే అన్నారు గానీ, ఆ మాటకి అర్థమేమిటో గదిలో అందరికీ తెలుసు. మా గైడ్ తల ఎత్తలేదు. ఆ రాత్రి నిద్ర లేదు. నేను తప్పుడు డేటా చూపించే మనిషిని కాదు. ఆ మాట నోటితో చెబితే సరిపోదు, గ్రాఫ్‌తోనే చెప్పాలి.

రెండు వారాలు పీహెచ్ మార్చాను, మేత మార్చాను, కల్చర్ చచ్చిందేమోనని మళ్లీ పెంచాను. టెన్షన్‌తో ఏది ముందు చేస్తున్నానో ఏది తర్వాతో కూడా తెలియలేదు. ఒకరోజు పొద్దున ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌లో, ముందు రోజు సాయంత్రం యంత్రం క్యూ ట్రేలో పెట్టిన నా ట్యూబు మూత తీసి అలవాటుగా వాసన చూశాను. ఏమీ లేదు. శాంపిల్ తీసినప్పుడు ఘుమఘుమలాడిన ట్యూబే అది. రాత్రంతా ఆ ట్రేలో నా బ్యాక్టీరియా బతికే ఉంది. ఉన్న వెనిలిన్‌నంతా తెల్లారేసరికి మార్చేసుకుంది.

ఆ సాయంత్రమే ఒకే శాంపిల్‌ని రెండుగా చేశాను. ఒకదానిలో కణాలు చచ్చేలా దానితో సమానంగా మెథనాల్ పోసి కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. రెండోదాన్ని ఎప్పట్లాగే ట్రేలో వదిలేశాను. మర్నాడు మెథనాల్ పోసినదానిలో వెనిలిన్ పీక్ నిలబడి ఉంది. రెండోదానిలో దానికంటే కాస్త ముందు వచ్చే పీక్ ఒకటి లేచింది. స్టాండర్డ్‌తో పోల్చి చూస్తే అది వెనిలిక్ యాసిడ్. కార్బన్ ఎటు పోయిందో తెలిసిన ఆ క్షణంలో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ ఇన్‌స్ట్రుమెంట్ రూమ్ మీద నా కోపం ఇంకా తగ్గలేదు. సాయంత్రం నాలుగులోపు శాంపిల్ ఇవ్వాలి, యంత్రం ఎక్కేది మర్నాడు. రిజిస్టర్‌లో సంతకాలకీ, సాల్వెంట్‌కీ, గైడ్ పేరుకీ గడులున్నాయి. శాంపిల్‌లో బతికున్న కణాలున్నాయా అని అడిగే గడి లేదు. ఎంతమంది విద్యార్థుల నెలలు అక్కడ వృథా అయ్యాయో! ఈ పని మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: శాంపిల్ తీసిన నిమిషంలోనే రియాక్షన్ ఆపండి. కణాలు లేని ఫ్లాస్క్ ఒకటీ, చంపిన కణాలతో ఒకటీ పక్కన తప్పకుండా నడపండి. దిగుబడిని బరువుల్లో కాదు, మోల్స్‌లో, అంటే అణువుల సంఖ్యలో లెక్కకట్టండి. 194 గ్రాముల ఫెరులిక్ యాసిడ్ మొత్తం మారినా వచ్చేది 152 గ్రాముల వెనిలినే.

ఆ తర్వాత మూడు రన్లు చేస్తే మూడు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇథైల్ అసిటేట్ అనే ద్రావకంతో తీసి ఆరబెడితే సన్నని తెల్లని సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. అవి సరిగ్గా వెనిలిన్ కరిగే 82 డిగ్రీల దగ్గరే కరిగాయి. ఇది నా చేత్తో చేసిన పని అని గర్వంగా చెప్పుకుంటాను.

నిన్న ఆ సారే మళ్లీ కార్బన్ లెక్క అడిగారు. వెనిలిన్, వెనిలిక్ యాసిడ్, వెనిలిన్ నుంచే పుట్టే వెనిలైల్ ఆల్కహాల్ కొద్దిగా, మిగిలిన ఫెరులిక్ యాసిడ్, అన్నీ మోల్స్‌లో కలిపి చూపించాను. ఆయన వయల్ మూత తీసి చాలాసేపు వాసన చూశారు. "వెనిలిన్‌ని ఎప్పటికప్పుడు పట్టేసుకునేలా ఫ్లాస్క్‌లో రెసిన్ పూసలు వేసి చూడు, కణాలకి విషం తగ్గుతుంది" అన్నారు.

ఇవాళ పొద్దున్నే రెసిన్ మెథనాల్‌లో నానబెట్టాను.