మాత్ర వేసుకున్నాక లోపల జరిగేది

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. పోయిన యాసంగి వడ్లు దిగుతున్నప్పుడు కాంటా చీటీలో బరువు చూసి రిజిస్టరులో రాయబోతే, ఆ అంకె గుర్తుండేది కాదు. మళ్లీ చీటీ చూడడం, మళ్లీ మర్చిపోవడం. తెల్లవారకముందే మెలకువ, ఆకలి లేదు, ఏడుద్దామన్నా ఏడుపు రాదు. "గాలి సోకినట్టుంది బిడ్డా" అని అత్తమ్మ తాయెత్తు కట్టించింది. నేను కాదనలేదు. కాదనడానికీ ఓపిక కావాలి కదా!

నల్లగొండలో డాక్టరమ్మ డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర రాశారు. మొదటి వారాల్లో వికారం తప్ప ఏమీ కనిపించలేదు. "గుణం లేనప్పుడు ఎందుకు మింగుడు?" అన్నారు మా ఆయన. ఆ మాటే డాక్టరమ్మను అడిగాను.

ఆమె చీటీ వెనక్కి తిప్పి నాడీకణం బొమ్మ గీశారు. కణాల మధ్య కబురు మోసే సెరోటోనిన్ అనే రసాయనాన్ని కణం తిరిగి లోపలికి లాక్కోకుండా మాత్ర గంటల్లోనే అడ్డుపడుతుందట. అసలు పని ఆ తర్వాతే. కణం పైపొరకు అందిన సంకేతం లోపల ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి అందుతూ జన్యువుల దాకా పోవాలి. అప్పుడు బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి, కణాల మధ్య సన్నబడిన అతుకులు మళ్లీ బలపడతాయని శాస్త్రవేత్తల అంచనా. దానికి వారాలు పడుతుంది. వడ్లు దిగిన రోజే బియ్యం బస్తా కుట్టలేం, నాకు వెంటనే అర్థమైంది. ఈ నాలుగు ముక్కలు మొదటి రోజే చెబితే ఎంతమంది మాత్ర మధ్యలో ఆపకుండా ఉంటారో!

కొత్త మందులు ఆ లోపలి దారినే నేరుగా పట్టుకోవాలని చూస్తున్నాయి. ఆపరేషన్లలో మత్తుకిచ్చే కెటమైన్, గ్లుటమేట్ అనే మరో కబురు రసాయనాన్ని అందుకునే గ్రాహకాన్ని అడ్డుకుని, కణం లోపల ఎంటార్ అనే సంకేతాల దారిని మేల్కొలిపి, కొత్త అతుకులు త్వరగా వేయిస్తుందని 2010లో ఎలుకల్లో చూశారు. దాని తోబుట్టువు ఎస్‌కెటమైన్ ముక్కు స్ప్రేకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. మొదట అది మాత్రలకు లొంగనివాళ్లకే. మగత, బీపీ చూసేందుకు కనీసం రెండు గంటలు ఆస్పత్రిలోనే ఉంచుతారు. నాకు దాని అవసరం పడలేదు.

గుణం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఒకరోజు తేమ 17 శాతం దాటిందని ఓ బేరగాడితో గట్టిగా తగువేసుకున్నా. మిల్లులో అందరూ నవ్వారు, "మేడమ్ వచ్చింది" అని.

బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలన్నారు డాక్టరమ్మ. ఆపేటప్పుడూ టక్కున కాదు, డోసు తగ్గించుకుంటూ. ఇప్పుడు షీటు అయిపోకముందే మా ఆయనే మెడికల్ షాపుకు పోతున్నారు.