హనుమకొండ బుక్ ఫెయిర్ల ఎవరెవరు కనిపించిండ్రంటే

"ఈ కాలంల చదివేటోళ్లు ఎవరున్నరు" అని ఎవరన్నా అంటే నాకు జర కోపమొస్తది. ఆ మాట అనేటోళ్లు చానా వరకు రాసేటోళ్లే ఉంటరు, లేకపోతే సభలల్ల మాట్లాడేటోళ్లు. వాళ్ల లెక్కల చదివేటోడంటే ఒక్కటే రకం, కథలో కవిత్వమో కొనాలె, కొన్నంక చదవాలె, చదివినంక ఫోన్ చేసి బాగుంది సార్ అనాలె. అసొంటోళ్లు తక్కువనే ఉన్నరు, కాదనను. కానీ మన హనుమకొండల పుస్తకాల స్టాళ్లు పెట్టినప్పుడు ఒక సాయంత్రం మొత్తం ఏం కొనకుండ ఊకె తిరుగుండ్రి, స్టేజి దిక్కు కాదు స్టాళ్ల దిక్కు చూడుండ్రి, అప్పుడు మాట్లాడుదాం.

నేను ఈసారి అదే పని పెట్టుకున్న. కొనుడు సంగతి తర్వాత, ముందుగాల మనుషుల్ని చూద్దామని పోయిన. శివరాత్రికి ముందు రోజులు, పగలు ఎండ సుర్రుమంటది పొద్దుగూకినంక జర సల్లగయితది, అందుకే జనం కూడా అయిదు దాటినంకనే వస్తరు. రేకుల షెడ్లు, కింద ఎర్ర కార్పెట్, ఆ కార్పెట్ మడతలు పడి ప్రతోని కాలికి తగులుతది, ఒక మూలకు మహిళా సంఘం వాళ్ల సర్వపిండి, సకినాలు. ఇంకో మూలకు స్టేజి. స్టేజి మీద పుస్తకావిష్కరణ నడుస్తున్నది, పైన కూసున్నోళ్లు ఎక్కువ కింద కూసున్నోళ్లు తక్కువ, కింద ఉన్నోళ్లల్ల సగం మంది తర్వాతి ఆవిష్కరణ వాళ్లు. దాని గురించి ఇంతకంటే రాయ.

స్టాళ్ల కాడ నిలబడితే ముందు కనిపించేది ఏందంటే, పుస్తకం చేతికి తీస్కోంగనే ఎవ్వరూ లోపలికి చూడరు. వెనక అట్ట తిప్పుతరు. ధర చూస్తరు. చూసినంక మొఖంల ఏం మారకుండ చూస్కుంట పుస్తకాన్ని మెల్లగ తెరుస్తరు, మధ్యల ఎక్కడో ఒక పేజీ, నాలుగు లైన్లు, మళ్లీ మూసి ఎక్కడ తీసిన్రో అక్కడనే పెడుతరు, సరిగ్గా అదే గీతల, ఎవరో చూస్తున్నట్టు. నాలుగు వందల నవల అంటే ఆలోచించరా మరి. పది పర్సెంట్ డిస్కౌంట్ అన్ని స్టాళ్లు ఇస్తయి, ఆఖరి రోజు ఇరవై చేస్తరేమో అని ఆగేటోళ్లు కూడా ఉన్నరు, ఒకాయన అయితే కౌంటర్ల పిలగాన్ని అదే అడిగిండు, "తమ్మీ ఆదివారం దాక ఈ కాపీ ఉంటదా" అని. ఫోన్ల అట్ట ఫొటో కొట్టుకొని పోయేటోళ్ల మీద స్టాల్ వాళ్లకు మంట, ఇక్కడ చూసి ఆన్‌లైన్ల తెప్పిచ్చుకుంటరని. మంట కరెక్టే, కానీ హైదరాబాద్ నుంచి పుస్తకాలు లారీల ఏస్కొచ్చి, కిరాయి కట్టి, వారం పది రోజులు లాడ్జిల ఉండి అమ్ముతున్నోని ముంగట నిలబడి ఫొటో కొట్టాల్నంటే కూడా జర గుండె ఉండాలె.

ఒక స్టాలాయన చెప్పిన ముచ్చట చెప్త. ఒకతను రోజూ డ్యూటీ దిగి వచ్చేదట, యూనిఫాం మీదనే, ఎక్కడో సెక్యూరిటీ గార్డు. ఒక లావు పుస్తకం తీసి నిలబడి చదివి, పేజీ యాదికుంచుకొని పోయేది. ఈయన చూసీ చూడనట్టు ఉండేది. ఒకరోజు ఆ పుస్తకం ఎవరో కొనుక్కపోయిన్రు. సాయంత్రం గార్డు వచ్చి ర్యాకంతా ఎతికి, కౌంటర్ కాడికొచ్చి, "నేను సగం దాక వచ్చిన గదా సార్, ఎట్లమ్మిన్రు" అన్నడట. నిజంగ కోపంగ. ఈయన ఏం చెప్పాల్నో తెల్వక సారీ చెప్పిండట. ఇంకో కాపీ ఉందా లేదా అని లోపల అట్టపెట్టెలు ఇప్పి చూసిండట గూడ. దొరకలె. తర్వాత అతను ఇంకో పుస్తకం మొదలుపెట్టలే, రానేలేదు.

ఎక్కువ గిరాకి ఎక్కడ అంటే, గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ స్టాల్ల. ఇది మన సాహిత్యం వాళ్లకు నచ్చది గానీ నిజం. ధర తక్కువ, కుట్టు గట్టిది, సంచిలేసుకొని తిప్పినా ఊడదు. ఆడోళ్లు గుంపులుగ వస్తరు, ఒకామె కొంటే పక్కింటామెకు, చెల్లెకు కూడ కొంటది. అడిగే మాట ఒక్కటే, "పెద్దక్షరాలది ఉన్నదా". విష్ణు సహస్రనామం పెద్దక్షరాలది, లలిత పెద్దక్షరాలది. ఒక అవ్వ పుస్తకం పట్టుకొని కండ్లకు దగ్గరగ, తర్వాత దూరంగ, తర్వాత ట్యూబ్‌లైట్ కిందికి పోయి చూసింది, చూసి పెదవులు కదిపింది, రెండు లైన్లు చదివి "ఇది అందుతున్నది" అన్నది. కనిపిస్తున్నది అనలె, అందుతున్నది అన్నది. తెలుగు నవలలు అచ్చేసేటోళ్లు ఒక్కసారి ఆ స్టాల్ కాడ నిలబడితే అక్షరం సైజు పెంచుతరేమో. అరవై దాటినోళ్లకే మనకాడ చదివే టైము ఉన్నది, పుస్తకాలేమో ఇరవై ఏండ్లోని కండ్లకు అచ్చేస్తున్నరు.

ఇగ అసలు జనం. పోటీ పరీక్షల స్టాళ్లు. అవి ఆఖరి వరుసల పెట్టిన్రు, ఏదో తప్పదు గాబట్టి రానిచ్చినట్టు. రావుడైతే గేట్ల నుంచి సక్కగ అక్కడికే వస్తున్నరు పిల్లలు, నయీంనగర్, కిషన్‌పుర రూముల నుంచి, యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి, బ్యాగుల నీళ్ల బాటిల్ తోటి. వీళ్లు వెనక అట్ట తిప్పరు. విషయసూచిక తెరుస్తరు. సిలబస్ పేపరు ఫోన్ల పెట్టుకొని టాపిక్ టాపిక్ కలుపుతరు, ఏది లేదో నిమిషంల చెప్తరు. ఎడిషన్ ఏ సంవత్సరం అని అడుగుతరు. "సార్ ఇది పాతది, దీంల జిల్లాలు పది అనే ఉన్నయి" అని ఒకమ్మాయి పుస్తకం ఎనకకిచ్చింది. స్టాలాయన గుడ్లప్పగించి చూసిండు. ఇంత జాగ్రత్తగ పుస్తకం చూసేటోళ్లు నాకు కవిత్వం స్టాల్ల ఒక్కరూ కనపడలె.

"అవి చదువు కాదండి, గైడ్లు" అంటరు. గైడ్లే. కానీ గ్రూప్-2 నాలుగో పేపర్ ఏందో తెలుసా, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటు, 150 మార్కులు. దాని కోసం ఊర్ల నుంచొచ్చిన పిల్లలు మన చరిత్ర పేజీ పేజీ నూరుతున్నరు. మా తరం డిగ్రీ అయిపోయేదాక ముల్కీ అంటే స్థానికుడని కూడ తెల్వదు మాకు. అక్కడ ఒక పెద్దాయన, రిటైర్డ్ టీచరు, తెల్ల లాల్చీ, చేతుల గుడ్డ సంచి, పరీక్షల స్టాల్ పక్క నుంచి పోతా పోతా ఆగిండు, ఎందుకంటే ఒక పిలగాడు దోస్తుకు 1952ల నడిచిన ముల్కీ ఉద్యమం గురించి చెప్తున్నడు. పెద్దాయన మెల్లగ దూరిండు మాటలల్ల.

"అది మొదలైందెక్కడో తెలుసా బిడ్డా?"

"వరంగల్ల తాతా."

"నేనున్న దాంట్ల. నిక్కర్ల మీద ఉన్న అప్పుడు. పెద్ద పోరగాళ్లు ముంగట, మేం ఎనక, నాన్ ముల్కీ గో బ్యాక్ అని ఒర్రుకుంట పోయినం. గో బ్యాక్ అంటే ఏందో నాకు తెల్వది."

పిలగాడు ఒక్క సెకను చూసి, "హైదరాబాద్ల సిటీ కాలేజీ కాడ కాల్పులైనయి గదా తాతా సెప్టెంబర్ల, దాని మీద ఎంక్వయిరీ పింగళి జగన్మోహన్ రెడ్డి గారు, అది బిట్టు పక్కా వస్తది" అన్నడు. పెద్దాయనకు నవ్వాగలె. "నాకా పేరే యాదికి లేదు గదరా" అని పిలగాని భుజం మీద చెయ్యేసిండు. తర్వాత ఇద్దరూ నిలబడి చానాసేపు మాట్లాడిన్రు, ఈయన ఏ గల్లీల నుంచి పోయిన్రో చెప్తడు, వాడు ఏ తారీకో చెప్తడు. దోస్తు నోట్‌బుక్ తీసిండు. స్టేజి మీద అప్పుడే ఎవరో మైకుల యువతరం చదువుకు దూరమయిందని అంటున్నరు. నేను కల్పించి రాస్తలేను, అది అప్పుడే వినపడ్డది.

అట్లనే ఒకమ్మాయి సాహిత్యం స్టాల్ల వట్టికోట ఆళ్వారుస్వామి నవల అడిగింది. ఎందుకమ్మా అని స్టాలామె అడిగితే, "దేశోద్ధారక గ్రంథమాల అని పుస్తకాలు అచ్చేసే సంస్థ 1938ల పెట్టిండని చదివిన మేడం, పుస్తకాలు మోసుకుంట తిరిగి అమ్మిండంట గదా, అంత తిరిగి అమ్మినాయన రాసింది ఎట్లుంటదో చూద్దామని" అన్నది. కొన్నది కూడ, పైసలు లెక్కపెట్టుకొని. పరీక్ష కోసం పట్టుకున్న దారి ఎటు పోతదో ఎవలు చెప్పగలరు. ఈ ఊర్ల రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904ల పెట్టిన్రు, నిజాం కాలంల, తెలుగుకు సర్కారు దిక్కు నుంచి ఏ అండా లేని రోజులల్ల. అప్పుడు అందుల కూసొని చదివినోళ్లు గూడ అందరూ కావ్యాల కోసమే పోయి ఉంటరా? పేపర్ కోసం పోయినోళ్లు, నౌకరీకి పనికొస్తదని పోయినోళ్లు, ఇంట్ల జాగలేక పోయినోళ్లు ఉండే ఉంటరు. ఇప్పుడు ఏ లైబ్రరీకి పోయినా రీడింగ్ హాల్ల కుర్చీ దొరకది, పొద్దున్నే వచ్చి సంచి పెట్టి జాగ పట్టుకుంటరు, చెట్ల కింద కూడ కూసుంటరు. జనం చదువుత లేరన్న మాట అక్కడికి పోయి అనాలె.

పిల్లల స్టాళ్ల గురించి ఎక్కువ లేదు. పిల్లగాడు బొమ్మల పుస్తకం పట్టుకుంటడు, అమ్మ ఇంగ్లీష్ గ్రామర్ పట్టుకుంటది, నాన్న ఫోన్ మాట్లాడుతుంటడు, ఆఖరికి గ్రామర్ గెలుస్తది. ఒక్క చోట నాన్న ఓడిపోయిండు, పిల్ల కార్పెట్ మీద కూసొని లెవ్వనన్నది.

ఇప్పుడు ఎవరి గురించి రాద్దామని ఇదంతా మొదలువెట్టిన్నో ఆయన. ఏడు దాటింది. ఒకాయన వచ్చిండు, యాభై పైన వయసు, మెడల తువ్వాల, చొక్కా నిండ సన్నగ ఎర్రటి దుమ్ము. ఆయన స్టాల్ల అడుగు పెట్టంగనే కౌంటర్ పిలగానికి దగ్గు, పక్కన ఒకామెకు తుమ్ములు. ఎనుమాముల మార్కెట్ నుంచి సక్కగ వచ్చిండు, మిర్చి అమ్ముకొని. తేజ రకం అట. చపాటా రకం అయితే ఇంత ఘాటు ఉండకపోవు, అది రంగెక్కువ కారం తక్కువ, 2025ల జీఐ ట్యాగ్ కూడా వచ్చింది గదా. "మాఫ్ చెయ్యుండ్రి, ఇంటికి పోయి తానం చేసి రావాల్నంటే బస్సు దొరకది" అని తనే అన్నడు.

ఆయనకు చిరుతల రామాయణం పుస్తకం కావాలె, చేతుల చిరుతలనే కర్ర తాళాలు కొట్టుకుంట పాడుకుంట ఆడేది. పరకాల దిక్కు ఊరు, వాళ్ల ఊర్ల అది ఆడే మేళం ఉన్నది, నేర్పే పంతులు నిరుడు పోయిండు, ఆయన రాసుకున్న నోట్‌బుక్కు సగం చెదలు తిన్నయి. అచ్చు పుస్తకం ఎనకట ఒకటుండె, ఎవరి కాడికి పోయిందో తెల్వది. దరువులు, అంటే పాటలు, నోటికొస్తయట, కందార్థాలే, అంటే నడుమ చదివే పద్యాలే, మధ్య మధ్యల పోయినయట. "సీతను ఎత్కపోయే కాడ రావణుని కందార్థం మావోళ్లకు ఇద్దరికి రెండు తీర్ల యాదికున్నది, ఏది కరెక్టో తెల్వక రోజూ పంచాయితే." కౌంటర్ పిలగానికి చిరుతలంటేనే తెల్వది. రామాయణం అంటే గీతా ప్రెస్ చూపెట్టిండు. అక్కడ వాల్మీకి ఉన్నది, తులసీదాసు ఉన్నది, ఇది లేదు. జానపదం అని బోర్డు పెట్టిన స్టాల్ల చిరుతల మీద రీసెర్చి పుస్తకం అన్నా ఉంటదేమో అని నేనే తోల్కపోయిన, అక్కడ ఒకటి రెండు చూసిండు, చేతులు తువ్వాలకు తుడుచుకొని మరీ తెరిసిండు. రెండు పేజీలు చదివి, "ఇండ్ల మా గురించి రాసిన్రు గానీ మా పాట లేదు సార్" అన్నడు.

ఇసొంటి పాటల పుస్తకాలు ఎనకట సంతలల్ల, జాతరలల్ల, బస్టాండ్ల కాడ పలుచటి కాగితం మీద అగ్గువకు దొరికేవి. అవి కొన్నోళ్లను ఎవరూ పాఠకులు అనలె, అమ్మినోళ్లను పబ్లిషర్లు అనలె. ఒక్క పుస్తకం ముప్పై మంది నోటికి నేర్చుకొని, రాత్రుళ్లు ఊరందరికి ఇనిపించేటోళ్లు. ఇంతమందిని చేరే నవల ఈ ఫెయిర్ మొత్తంల ఒకటి చూపెట్టుండ్రి.

వరంగల్ చౌరస్తా దిక్కు పాత పుస్తకాల షాపులల్ల అడుగుమన్న, నేను కూడా తర్వాత పోయి అడిగిన, రెండు చోట్ల దొరకలె, ఒక చోట "ఎనకట ఉంటుండె, ఇప్పుడు రావట్లే" అన్నరు. ఆయన నంబర్ తీస్కున్న. మీ ఊర్ల మేళం ఉండి, చిరుతల రామాయణం అచ్చుదో చేతిరాతదో, కందార్థాలతోటి ఉంటే, ముఖ్యంగ సీతాపహరణం ఘట్టం, నాకొక మాట చెప్పుండ్రి. పుస్తకం ఇయ్యొద్దు, నేనే వచ్చి జిరాక్స్ తీయించుకొని మళ్లా మీ చేతిల పెడుత. ఉగాదికి రిహార్సల్ మొదలుపెడుతమన్నరు.