పెన్ను బయటే పెట్టి రావాలి

లండన్‌లో ఉద్యోగం పోయినవాడికి పగలంతా ఎక్కడ కూర్చోవాలన్నదే పెద్ద సమస్య. స్పాన్సర్ వీసా మీద ఉన్నవాళ్లకి కంపెనీ చెయ్యి వదిలేస్తే, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసు మామూలుగా 60 రోజుల గడువిస్తుంది. ఆలోపు ఇంకో స్పాన్సర్‌ని పట్టుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఈస్ట్‌హామ్‌లో మేము ఉండే ఇంట్లో నైట్ షిఫ్టు కుర్రాళ్లు పగలు పడుకుంటారు. ఇంటర్వ్యూ కాల్ వస్తే గట్టిగా మాట్లాడే వీల్లేదు. కాఫీ షాపులో కూర్చుంటే గంటకో కప్పు కొనాలి. బ్రిటిష్ లైబ్రరీకి పో, వైఫై ఫ్రీ, వెచ్చగా ఉంటుంది, ఎవడూ లేవమనడు అని మా రూమ్మేటే చెప్పాడు.

యూస్టన్ రోడ్డు మీద, సెయింట్ పాంక్రాస్ స్టేషన్ పక్కనే ఉంటుందది. బయటి నుంచి చూస్తే ఎర్ర ఇటుకలతో ఏదో పెద్ద సర్కారీ ఆఫీసులా ఉంటుంది. కట్టేటప్పుడు ప్రిన్స్ చార్లెస్ దీన్ని రహస్య పోలీసుల అకాడమీతో పోల్చి వెక్కిరించాడట. కాలిన్ సెయింట్ జాన్ విల్సన్ అనే ఆర్కిటెక్టు 1962లో తలకెత్తుకున్న పని 1998లో రాణి ప్రారంభోత్సవం దాకా సాగింది. మన ప్రాజెక్టులే నయం అనిపించింది నాకు! లోపలికి అడుగు పెడితే మాత్రం ఆ వెక్కిరింత అన్యాయం అనిపిస్తుంది. పైకప్పు నుంచి వెలుతురు అంచెలంచెలుగా దిగుతుంది. మధ్యలో మూడో జార్జి పుస్తకాలు నింపిన ఆరంతస్తుల గాజు గోపురం ఉంటుంది. అసలు గోదాములు భూమి కింద ఉన్నాయి.

వరండాల్లోని టేబుళ్లకి పొద్దున్నుంచే పోటీ. స్టూడెంట్లు, సొంత కంపెనీ పెడతామనేవాళ్లు, మధ్యమధ్యలో నాలాంటి నిరుద్యోగులు. ఓరోజు పక్క టేబుల్ కుర్రాడు ఫోన్లో "ఆఫీసులోనే ఉన్నానమ్మా, లంచ్ అయిపోయింది" అంటున్నాడు. ఫోన్ పెట్టేశాక నా ముఖం చూసి, "మీరు కూడానా అన్నా?" అన్నాడు.

కొన్నాళ్లకి, లోపలి రీడింగ్ రూముల్లోకి వెళ్లడానికి కావాల్సిన రీడర్ పాస్ తీసుకున్నాను. పాస్‌పోర్టూ అడ్రసున్న బ్యాంకు స్టేట్‌మెంటూ చూశారంతే. జీతమెంత, స్పాన్సర్ ఎవరు అని అడగలేదు. ఈ దేశంలో ఆ రెండూ అడగకుండా నాకు కార్డు ఇచ్చింది వీళ్లే. బ్యాగు, కోటు, పెన్ను కింద లాకర్లో పెట్టేసి, లోపలికి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో పెన్సిల్, ల్యాప్‌టాప్ తీసుకెళ్లాలి.

మూడో అంతస్తులో ఆసియా, ఆఫ్రికా విభాగం రీడింగ్ రూము ఉంది. ఈస్టిండియా కంపెనీ, తర్వాత లండన్ నుంచి మన దేశ వ్యవహారాలు నడిపిన ఇండియా ఆఫీసు పోగేసిన కాగితాలు అక్కడికే తెప్పించుకోవాలి. 1600 నుంచి మన స్వాతంత్ర్యం దాకా, వరసగా పేరిస్తే 14 కిలోమీటర్లు! మాది గోదావరి జిల్లా కాబట్టి ధవళేశ్వరం ఆనకట్ట కాగితాలు పెట్టించాను. గంట దాటాక వచ్చింది వాల్యూమ్. బరువుకి వెన్ను విరగకుండా దాన్ని ఫోమ్ దిండ్ల మీద ఆనించి, పేజీ లేవకుండా పాములాంటి బరువుల దండ వేశారు. మద్రాసు గుమాస్తాలు నకలు రాసి ఓడలో పంపిన ఉత్తరాలవి. అక్షరాలు కుడికి ఒరిగి, సిరా గోధుమ రంగుకి తిరిగింది.

మా ఊళ్లలో కాటన్ దొర అంటే దేవుడు, విగ్రహాలకి దండలు వేస్తాం. ఆ పేజీల్లో నాకు కనిపించింది మాత్రం బడ్జెట్ కోసం పైవాళ్లని బతిమాలుతున్న ఇంజినీరు. ఎంత ఖర్చు, ఎన్ని ఎకరాలకి నీళ్లు, శిస్తు ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. కరువులో జనం చచ్చిపోయారన్నది కూడా శిస్తు నష్టం పద్దులోకే వచ్చింది. ఆయన మనసు అంతే అనుకోను. లండన్‌లో కూర్చున్న కంపెనీ పెద్దలకి వేరే మాట ఎక్కదని ఆయనకి తెలుసు. 1847లో పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. నన్ను తీసేసిన ఈమెయిల్లో కూడా మనుషుల లెక్క ఖర్చుల వరసలోనే ఉంది.

గడువు ముగిసేలోపు ఇంకో కంపెనీలో చేరాను. రీడింగ్ రూములు శనివారం కూడా తెరుస్తారు. ఈసారి కృష్ణా ఆనకట్ట వాల్యూములు పెట్టించాను. బెజవాడ దగ్గర కట్టడానికి డబ్బులిమ్మని ఎవరెవరు ఎలా రాశారో చూడాలి.