నీళ్ళని అక్క అనాలా, చెల్లి అనాలా?

ఇటలీలోని అస్సీసిలో మొదటి రోజు అందరిలాగే అక్కడి పెద్ద దేవాలయం, బసిలికాకి వెళ్ళాను. కింద పునీత ఫ్రాన్సిస్ వారి సమాధి దగ్గర మోకరించాను. పైన, ఆయన పిట్టలకు ప్రసంగిస్తున్న చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. కానీ నేను అంత దూరం వెళ్ళింది కొండ మీది అడవి కోసం.

సుబాసియో కొండ మీద, ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది ఎరెమో దెల్లె కార్చెరి. ఫ్రాన్సిస్ వారు, ఆయన మఠ సహోదరులు ఏకాంత ప్రార్థనకు వచ్చిన గుహలవి. ఎండలో రెండుసార్లు ఆగి ఎక్కాను. అడవిలోకి రాగానే ఒళ్ళు చల్లబడింది. నడుం వంచితే గాని పట్టని గుమ్మాలు. బయట ఇనుప ఊతాల మీద నిలబడ్డ ముసలి ఓక్ చెట్టు. ఆయన దీవెన కోసం పిట్టలు దాని కొమ్మల మీదే వాలాయని చెప్తారు.

అక్కడ కూర్చుంటే, ఆయన పాత జీవిత చరిత్రలో చదివింది గుర్తొచ్చింది. కట్టెలు కొట్టే సహోదరులకు ఆయన ఒక మాట చెప్పేవారట: చెట్టును మొదలంటా నరకొద్దు, మళ్ళీ చిగురు వేసే ఆశ దానికి ఉంచండి. మఠం తోటలో కూడా కొంత నేల దున్నకుండా, అడవి పూల కోసం వదలమనేవారట. పోపు ఫ్రాన్సిస్ వారు 2015లో రాసిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ తోట సంగతి ఉంది. చదివిన రోజు నాకది ముచ్చటగా అనిపించింది, అంతే. ఆ చెట్టు కింద మాత్రం గుచ్చుకుంది. మా పెరట్లో ఉన్న ఒక్క చెట్టునూ కొట్టించి, గోడ నుంచి గోడ దాకా గచ్చు చేయించింది నేనే.

సాయంత్రం కొండ దిగి సాన్ దమియానో గుడికి వెళ్ళాను. 1225లో ఫ్రాన్సిస్ వారు సృష్టి గీతం కట్టింది ఇక్కడ ఉన్నప్పుడే. అప్పటికి చూపు దాదాపు పోయింది, వెలుతురు పడితే కళ్ళు మంట. అలాంటి మనిషి సూర్యుణ్ణి అన్నా అని పిలిచి దేవుణ్ణి స్తుతించారు. నీళ్ళని సహోదరి అన్నారు. మన భాషలో ఆ మాట దగ్గర ఆగాల్సిందే: అక్కా, చెల్లా? ఇన్నాళ్ళూ చెల్లి అనుకునేదాన్ని, కాపాడాల్సింది మనమే కదా అని. ఆ రోజు అక్క అనిపించింది. మనకంటే ముందు వచ్చింది, మనల్ని పెంచింది. భూమినైతే ఆయన సహోదరి అనీ, తల్లి అనీ రెండు విధాలా పిలిచారు.

మర్నాడు సాంతా మరియా దెల్లి ఆంజెలికి వెళ్ళాను. ఆ పెద్ద దేవాలయం లోపలే చిన్న పోర్సియుంకోలా గుడి ఉంది. 1226లో ఆయన ప్రాణం విడిచింది దాని పక్కనే. అక్కడ ఒక ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేశాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెప్పనిది, ఆ చెట్టు సంగతి, చివర్లో చెప్పాను. ఇది కూడా పాపమేనా అని ఆయన అంటారేమో అని టెన్షన్ పడ్డాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఏం చెట్టు?" అని అడిగారు.