సౌత్‌వెల్ వర్క్‌హౌస్‌లో ఒక పూట

ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు రాబిన్ హుడ్ విగ్రహంతో ఫొటోల పని త్వరగా ముగించి, సౌత్‌వెల్ బస్సెక్కాం. వంటల్లో వాడే బ్రామ్లీ యాపిల్ పుట్టిన ఊరట అది. నేను చూడాలనుకున్నది మాత్రం అక్కడి వర్క్‌హౌస్, అంటే పేదల్ని ఉంచి పని చేయించిన ఇల్లు.

ఎర్ర ఇటుకల మూడంతస్తుల భవనం. దూరం నుంచి చూస్తే ఏ జమీందారు బంగళానో అనుకుంటాం. 1824లో జాన్ బీచర్ అనే మతగురువు పూనుకుని కట్టించాడు. దిక్కులేనివాళ్ళకి తిండీ నీడా ఇస్తారు, కానీ బయట బతకగలిగినవాడు ఇటు తొంగిచూడకూడదు. అందుకే లోపలి బతుకును కావాలనే కఠినంగా పెట్టారు. 1834లో వచ్చిన పేదల చట్టంతో దేశమంతా ఇదే పద్ధతి వచ్చింది.

గుమ్మం దాటగానే మొగుడు ఒకవైపు, పెళ్ళాం ఒకవైపు, పిల్లలు ఇంకోవైపు. ఎక్కే మెట్లు కూడా వేరే. చేయించిన పనుల్లో ఒకటి, తారు పట్టిన పాత ఓడతాళ్ళను పీచుపీచుగా విడదీయడం. ఆ తాడు కొయ్యలా బిగుసుకుపోయి ఉంటుంది, గోళ్ళతో గీరితే తప్ప పోగు ఊడిరాదు.

"ఇంత బాధపెడితే ఎవరుంటారక్కా, పారిపోరూ?" అన్నాడు తమ్ముడు.

కాలూ చెయ్యీ ఆడేవాళ్ళు పని దొరగ్గానే వెళ్ళిపోయేవారు. మరి మిగిలిందెవరు? 1861లో పార్లమెంటు ఒక జాబితా అడిగింది: ఐదేళ్ళుగా బయటికి పోకుండా వర్క్‌హౌసుల్లోనే ఉన్న వయోజనులెవరని. ఇంగ్లాండ్, వేల్స్‌ నుంచి 14 వేలకు పైగా పేర్లు వచ్చాయి. అంటే లోపలున్న వయోజనుల్లో సుమారు ఐదోవంతు! ప్రతి పేరు పక్కనా ఎన్నాళ్ళుగా ఉన్నారో, ఎందుకున్నారో రాశారు. ఎక్కువమందికి కారణం ముసలితనం, అశక్తత. ఆ తర్వాత మతిస్థిమితం లేకపోవడం. సోమరిపోతుల్ని బెదరగొట్టడానికి పెట్టిన రూల్సన్నీ చివరికి లేవలేనివాళ్ళ నెత్తిన పడ్డాయన్నమాట. అరవై దాటిన ఆలుమగల్ని బలవంతంగా విడదీయకూడదని చట్టంలో రాయడానికే 1847 దాకా పట్టింది. అప్పటిదాకా ఆ మాత్రం ఎవరికీ తోచలేదంటే నాకు ఒళ్ళు మండింది.

2002 నుంచి, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఈ భవనాన్ని చూడనిస్తోంది. ఏడాదంతా ఒకేలా తెరవరు కాబట్టి టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి. లోపల 1970ల నాటి గది ఒకటి ఉంది, వదలకండి. వర్క్‌హౌసులు రద్దయి దశాబ్దాలు గడిచాక కూడా ఇల్లు లేని తల్లుల్ని, పిల్లల్ని తాత్కాలికంగా ఉంచింది ఈ భవనంలోనే.